కుక్క పడుకుంటే పెరడు లేచింది

శెనక్కాయ చేలో ఊడ దిగి కాయ ఊరే రోజుల్లో మడకశిర పల్లెల్లో రాత్రులు పొడవు. అడవిపందులు దిగుతాయి. డబ్బా మోత, టార్చిలైటు, చేను చుట్టూ కట్టిన పాత చీరలు, అన్నీ రెండు రోజుల ముచ్చటే. మూడో రోజుకు పంది వాటికి అలవాటు పడిపోతుంది. దానికి అలవాటు కానిది కుక్క ఒక్కటే. ఆ కాపలాకు జీతం లేదు గానీ ప్రమాదం మాత్రం ఉంది. తెల్లవారి ఇంటికొచ్చిన కుక్క తొడ మీద కనిపించేది అంగుళం చీలికే. పశువుల డాక్టరు పరికరం పెట్టి చూస్తే లోపల చర్మం కండ నుంచి విడిపోయి, అరచెయ్యి పట్టేంత సంచి తేలుతుంది. పంది కోర గుచ్చి ఆగదు, పైకి ఎగదోసి చీలుస్తుంది.

ఈ వైరం ఇప్పటిది కాదు. కర్ణాటకలో మండ్య జిల్లా ఆతకూరులో క్రీ.శ. 949 ప్రాంతపు వీరగల్లు ఒకటి దొరికింది. తక్కోలం యుద్ధంలో పరాక్రమం చూపిన మణలేరుడనే సామంతుడు, ఏం కావాలో కోరుకొమ్మంటే, గంగరాజు రెండో బూతుగుడి దగ్గరున్న కాళి అనే వేటకుక్కను అడిగి తెచ్చుకున్నాడు. ఆ కాళిని ఒక పెద్ద పంది మీదికి వదిలారు. రెండూ పోరాడి రెండూ చచ్చాయి. కుక్క పేరున శిల నిలిపారు. ఆ శిల ఇప్పుడు బెంగళూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. అదే శతాబ్దంలో మడకశిర పక్కనే ఉన్న హేమావతి నుంచి నొళంబులు రాజ్యం చేశారు. అంటే ఈ రాతి మెట్టలో పంది, కుక్క, పొలం అనే ముక్కోణం వెయ్యేళ్లకు పైబడినది. కాళికి శిల దక్కింది. ఇప్పటి కాళికి కావలసింది కాస్త ఉప్పునీళ్లు, ఒక తాడు, కొన్ని వారాల ఓపిక.

ఉప్పునీళ్లతోనే మొదలుపెట్టాలి. లీటరు నీళ్లు కాచి చల్లార్చి 9 గ్రాముల ఉప్పు కలిపితే అది దాదాపు రక్తంలోని ఉప్పదనంతో సమానం. ఆ నీళ్లను ధారగా పోసి మట్టీ వెంట్రుకలూ కడిగేయడం ఇంటివాళ్లు చెయ్యగల మేలైన పని. ఇంట్లో చెయ్యకూడనిది ఫినాయిల్ పొయ్యడం. అది క్రిముల్ని చంపేలోపే గాయం అంచున కొత్తగా పుడుతున్న కణాల్నీ కాల్చేస్తుంది. లోతు గాయంలో పిడికెడు పసుపు కూరడం కూడా మంచిది కాదు. పొడి ముద్దకట్టి చీమును లోపలే ఆపేస్తుంది. ఆ తర్వాత డాక్టరు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 మేలో మొదలైన సంచార పశువైద్య వాహనాల నంబరు 1962. ఆ నాలుగంకెలు గోడ మీద బొగ్గుతో రాసుకున్నా తప్పులేదు.

డాక్టరు గాయాన్ని పూర్తిగా కుట్టెయ్యకుండా కిందివైపు చిన్న దారి వదిలితే ఇంటివాళ్లు కంగారు పడతారు. 'సగం కుట్టి పంపినాడే' అనుకుంటారు. కావాలని వదిలినదే అది. సంచిలో ఊరే నీరు, చీము బయటికి పోవాలి. పైన మూతపడి లోపల కుళ్లే పుండు కంటే తెరుచుకుని కారే పుండు ఎంతో నయం.

అయితే తెరిచి ఉన్న పుండు మీద ఈగ వాలుతుంది. ఒక జాతి ఈగ బతికున్న కండలోనే గుడ్లు పెడుతుంది. పుట్టిన పురుగులు చచ్చిన కండతో సరిపెట్టుకోవు, మంచి కండలోకి తొలుచుకుపోతాయి. పల్లెల్లో దీనికి సీతాఫలం ఆకు నూరి పెడతారు. ఆ చెట్టులో, ముఖ్యంగా గింజల్లో, పురుగుల్ని చంపే రసాయనాలున్న మాట నిజమే. కానీ ఆ గింజల పొడి కంట్లో పడితే నల్లగుడ్డు పైపొర పుండవుతుంది. తల దగ్గరి గాయాలకు ఈ వైద్యం మానుకోవాలి. పురుగుల్ని పట్టకారుతో ఒక్కొక్కటే తీయించడం విసుగు పుట్టించే పని, మిగతావాటికంటే గట్టి పని.

అసలు పరీక్ష పది పదిహేను రోజుల తర్వాత వస్తుంది. కుట్లు తీస్తారు, వెంట్రుకలు మొలుస్తాయి, కుక్క గుమ్మం వైపు లాగుతుంది. 'బాగైపోయింది, వదిలెయ్' అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. చర్మం కింద సంగతి వేరు. గాయమైన మూడు వారాలకు అతుకు బలం మామూలు చర్మంలో సుమారు 20 నుంచి 30 శాతమే. మూడు నెలలకు 80 శాతం దాకా వస్తుంది. నూటికి నూరు ఎప్పటికీ రాదు. మొదట్లో శరీరం హడావుడిగా వేసిన నార పోగులు చిందరవందరగా ఉంటాయి. వాటిని మెల్లగా తీసి, లాగుడు ఏ దిక్కు నుంచి వస్తుందో ఆ దిక్కుకు మళ్లీ నేస్తుంది. మగ్గం మీద ఉన్న బట్టను లాగి చూడకూడదన్నట్టే, ఆ నేత నడుస్తుండగా కుక్క పంది వెంట పరుగెత్తకూడదు.

అందుకే తాడు. రెండు మీటర్ల తాడు, వేపచెట్టు నీడ, కింద గోనెపట్ట. మెడకు కోన్ దొరక్కపోతే పాత ప్లాస్టిక్ బకెట్ అడుగు కోసి, అంచుకు గుడ్డ చుట్టి తొడిగితే చాలు. కుక్క నాకితే పుండు మానుతుందని పెద్దల మాట. అందులో చిటికెడు నిజం ఉంది. కుక్క ఉమ్మికి కొన్ని రకాల బాక్టీరియాను చంపే గుణం ఉన్నట్టు 1990లో ప్రయోగాల్లో తేలింది. ఆ చిటికెడు మేలుకు కుక్క కట్టే ధర ఊడిపోయిన కుట్లు.

తిండి సంగతికొస్తే మడకశిర వంటిల్లు కుక్కకు అనుకూలమే. రాగిసంగటి, పెరుగన్నం, ఉడికించిన గుడ్డు. కొత్త కండ పుట్టాలంటే మాంసకృత్తులు కావాలి గనక గుడ్డు వారానికి ఒకటి కాకుండా రోజుకొకటి ఇస్తే మేలు. సంగటి మీద ఉల్లిపాయల పులుసు మాత్రం వద్దు. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాల్ని పగలగొడతాయి. ఇప్పటికే రక్తం పోయిన కుక్కకు అది రెండో దెబ్బ.

ఇంకోటి శెనక్కాయ చెక్క. ఇక్కడ చవగ్గా దొరికేది, పశువులకు పెట్టేది, పనిలో పనిగా కుక్క గిన్నెలోకీ వచ్చేది. తడిసి బూజు పట్టిన చెక్కలో ఒక విషం పుడుతుంది. దాని కథ మొదలైంది 1960లో, ఇంగ్లండులో. ఆ ఏడాది అక్కడ లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చాయి. కారణం తెలియక 'టర్కీ ఎక్స్ జబ్బు' అని పేరు పెట్టారు. తీగ లాగితే బ్రెజిల్ నుంచి దిగుమతైన శెనక్కాయ చెక్క దగ్గర తేలింది. అందులోని బూజు చేసిన విషానికి అఫ్లటాక్సిన్ అని పేరు వచ్చింది. 1974లో రాజస్థాన్, గుజరాత్ గిరిజన పల్లెల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని కామెర్లతో వందమందికి పైగా చనిపోయారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు ఆ ఊళ్లు తిరిగి పరిశోధించారు. ఆ ఇళ్లలోని కుక్కలకూ అదే జబ్బు వచ్చింది, పొట్టలో నీరు చేరి అవీ చచ్చాయి. శెనక్కాయే బతుకైన ఊళ్లో ఈ కథ తెలియకుండా ఎవరూ కుక్క గిన్నె నింపకూడదు.

మనుషుల నొప్పి బిళ్లలూ ఈ జాబితాలోవే. ఇబుప్రొఫెన్ కుక్క కడుపులో పుండ్లు చేసి మూత్రపిండాల్ని దెబ్బతీస్తుంది. పారాసెటమాల్ ఎక్కువైతే కాలేయం పోతుంది. 'చిన్న ముక్కే కదా' అన్న మాటతో చాలా కథలు చెడిపోయాయి.

ఇక మిగిలింది కూర్చోవడం. రోజుకు రెండు పూటలా కుక్క పక్కన కూర్చుని, అది నిద్రలో ఉండగా ఒక నిమిషం పాటు డొక్క ఎన్నిసార్లు లేచి పడుతుందో లెక్కపెట్టాలి. 30కి లోపుంటే దిగులు లేదు. రోజురోజుకూ పెరుగుతుంటే నొప్పో, జ్వరమో, లోపల నీరో. చిగుళ్లు గులాబీ రంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి. మలద్వారంలో థర్మామీటరు పెడితే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ మామూలు. మన జ్వరం కుక్కకు ఆరోగ్యం.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. దెబ్బ తగిలింది ఇంటి కుక్కకు కాక, టీకా సంగతి తెలియని వీధికుక్కకైతే, అది నీళ్లు మింగలేక చొంగ కారుస్తుంటే, గొంతు మారి అరుస్తుంటే, దయ పక్కన పెట్టి దూరం జరగాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక ఆ కుక్కను బతికించే మందు లేదు. కరిచినా, గీరినా గాయాన్ని సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.

డొక్క లెక్కపెట్టడానికి కూర్చున్న మనిషి కదలడు. కుక్క కదలలేదు. ఇద్దరూ పది నిమిషాలు అలా ఉండేసరికి, పెరడు నెమ్మదిగా వీళ్లను మర్చిపోతుంది.

ముందు దిగేది ఉడుత. చింతచెట్టు మొదట్లో తలకిందులుగా ఆగి, తోక ఎగరేస్తూ చిక్-చిక్ అని మందలిస్తుంది. తర్వాత సిద పిట్టలు, అయిదారు కలిసి, రాలిన ఆకుల్ని ముక్కులతో తిరగేస్తూ, ఆస్తి పంచుకుంటున్న అన్నదమ్ముల్లా వాదించుకుంటూ. దాసాని పూల దగ్గర తేనెపిట్ట. గిన్నెలో సంగటి మెతుకులకు గోరింక. అన్నిటికంటే చూడదగ్గది రాతి కూసాల గోడ మీద ఉంటుంది.

మడకశిర అంటే బండ. కొండ, కోట, ఇంటి గోడ, చేను గట్టు అన్నీ బండే. ఈ బండల మీద బతికే తొండ ఒకటుంది, చెట్ల మీది తొండ కాదు, దక్షిణ దక్కన్ బండల తొండ. ఆడది బూడిద రంగులో బండలో బండలా ఉంటుంది. మగది జత కట్టే కాలంలో వీపున ఎరుపు, పక్కల నలుపు పూసుకుంటుంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో మరియా ఠాకర్ బృందం వీటిని పట్టి చూసింది. ఆడదాని ముందు మగతొండ వీపు ఎర్రబడుతుంది, మరో మగది ఎదురైతే అదే వీపు పసుపు రంగుకు తిరుగుతుంది. అదంతా చూస్తుండగానే జరిగిపోతుంది. ఈ రంగు మార్పును నోటుపుస్తకం, వాచీ ఉన్న ఎవరైనా తమ గోడ మీద చూడవచ్చు. రోజూ రాళ్లు రువ్వే పిల్లలకు ఒక్కసారి ఆ రంగు మారడం చూపిస్తే రాయి చేతిలోనే ఆగిపోవచ్చు. ఆగకపోవచ్చు కూడా, పిల్లలు కదా.

ఈ చుట్టాలంతా ఇన్నాళ్లూ ఎక్కడున్నారు? ఇక్కడే ఉన్నారు. కుక్క ఉన్న పెరట్లో ఒక కనపడని పటం ఉంటుంది. ఎక్కడ మేయొచ్చు, ఎక్కడ తల ఎత్తి చూస్తూ మేయాలి, ఎక్కడికి అసలు పోకూడదు అన్నది ప్రతి ప్రాణీ గీసుకున్న భయం పటం. కెనడా పడమటి తీరపు దీవుల్లో రకూన్లనే చిన్న మాంసాహారులకు పెద్ద శత్రువులు లేరు, ఒక్క కుక్క తప్ప. 2016లో ప్రచురితమైన ప్రయోగంలో శాస్త్రజ్ఞులు ఒడ్డున స్పీకర్లు పెట్టి నెలపాటు కుక్కల అరుపులు వినిపించారు. కుక్క ఒక్కటీ లేదు, అరుపే. రకూన్లు ఒడ్డున మేసే సమయం మూడింట రెండు వంతులు తగ్గింది. అవి తినే పీతలు, చేపలు పెరిగాయి. సిడ్నీ శివారు అడవుల్లో 2007లో ఇంకో పరీక్ష జరిగింది. గొలుసు కట్టిన కుక్కను నడిపిస్తే చాలు, ఆ దారిలో కనిపించే పక్షి జాతులు 35 శాతం, పక్షుల సంఖ్య 41 శాతం పడిపోయాయి.

మన మెట్ట నేలలకు దగ్గరి ఉదాహరణ మహారాష్ట్రలో షోలాపూర్ దగ్గరి నన్నజ్ గడ్డిమైదానాలది. అక్కడ అబి తమీమ్ వనక్, మరియా ఠాకర్, మాథ్యూ గాంపర్ గుంటనక్కలకు తిండి పళ్లేలు పెట్టి, పక్కన కుక్కను కట్టి చూశారు. కుక్క కనిపిస్తే నక్క పళ్లెంలోది తక్కువ తింది, తినేటప్పుడు తల ఎక్కువసార్లు ఎత్తింది. ఆకలి చావలేదు, ధైర్యం చచ్చింది.

కట్టేసిన కుక్క దగ్గర ఈ పటం రోజురోజుకూ మారుతుంది. దాన్ని కొలవడానికి పరికరాలు అక్కర్లేదు. ఉడుత కుక్కకు ఎంత దగ్గరగా వచ్చి వెనక్కి తిరిగిందో అడుగుల్లో లెక్క రాసుకుంటే చాలు. మొదట్లో దూరం ఎక్కువ ఉంటుంది. వారం గడిచేసరికి ఉడుతకు తాడు పొడవు తెలిసిపోతుంది. రెండు మీటర్లకు అరచెయ్యంత అవతల కూర్చుని గింజ కొరుకుతుంది. కుక్క మొరుగుతుంది. ఉడుత తల కూడా ఎత్తదు. ఇంత అవమానం కాళికి కూడా జరిగి ఉండదు.

కుక్క మటుకు చూస్తూ ఊరుకోదు, వాసన పడుతుంది. మన ముక్కులో వాసన గ్రాహకాలు యాభై అరవై లక్షలైతే కుక్క ముక్కులో అవి ఇరవై కోట్లకు పైనే. న్యూయార్క్‌లోని బర్నార్డ్ కాలేజీకి చెందిన అలెగ్జాండ్రా హొరొవిట్జ్, షార్లెట్ డ్యురాంటన్‌తో కలిసి 2019లో ప్రచురించిన పరీక్షలో, రెండు వారాలు దాచిన తిండిని వాసనతో వెతికిన కుక్కలు, యజమాని పక్కన క్రమశిక్షణగా నడవడం నేర్చిన కుక్కల కంటే ఆశాజనకంగా ప్రవర్తించాయి. అటూ ఇటూ చెప్పలేని చోట పెట్టిన గిన్నె వైపు 'ఏదో ఉండే ఉంటుంది' అన్నట్టు త్వరగా నడిచాయి. కట్టేసిన కుక్కకు దీన్ని ఇంట్లోనే చేయవచ్చు. చింతాకు కుప్పలో ఉడికిన గుడ్డు ముక్కలు నాలుగు దాస్తే పదిహేను నిమిషాలు పని దొరుకుతుంది. కాలికి శ్రమ లేదు, బుర్రకు ఉంది.

రాత్రి పెరడు ఇంకో రకం. దీపం దగ్గర బల్లి, మునగ కొమ్మ మీద పైడికంటె గుడ్లగూబ, దూరంగా బీడులో తీతువు. తీతువు కూస్తే కీడని ఇంట్లో పెద్దలు ఉలిక్కిపడతారు. నేల మీద గుడ్లు పెట్టే ఆ పిట్ట కూసేది నక్కో కుక్కో పామో తన గూటి వైపు వస్తోందని. దాని కూత వినిపించిన దిక్కుకు టార్చి వెయ్యడం మూఢనమ్మకం కాదు, మంచి కాపలా. గాయపడిన కుక్క కట్టెల మోపు పక్కన పడుకుంటే పాముకు దారి మీద పడుకున్నట్టే. ఎలుకల కోసం వచ్చే రక్తపింజరి కట్టెల కిందే చేరుతుంది. తాడు అటువైపు కట్టకూడదు.

గోడ పగుళ్లలో ఇంకో అతిథి కూడా ఉంటుంది, పిడుదు. కుక్క రక్తం తాగి ఉబ్బిన ఆడ పిడుదు దిగి, గోడెక్కి, పగుల్లో వేలల్లో గుడ్లు పెడుతుంది. అది మోసే సూక్ష్మజీవి కుక్క రక్తంలో ప్లేట్‌లెట్లను తగ్గించి, ముక్కు నుంచి రక్తం కారేలా చేస్తుంది. ఒంటి మీది పిడుదుల్ని ఏరినంత మాత్రాన పని అవదు, కుక్క పడుకునే చోటు వెనక గోడ పగుళ్లకు సున్నమో సిమెంటో పూయాలి.

ఇంట్లో కూర్చుని ఇన్ని చూడొచ్చా అనే వాళ్లకు ఈ ప్రాంతంలోనే జవాబు ఉంది. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ నుంచి పక్షుల అధ్యయన సంస్థ ఒకటి ఇంటి దగ్గరే చదువుకునేలా పక్షిశాస్త్రం కోర్సు నడిపింది. అమెరికాలో 1998లో మొదలై, 2013లో ప్రపంచమంతటికీ తెరుచుకున్న పెరటి పక్షుల లెక్క ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరుగుతుంది. ఒక చోట 15 నిమిషాలు కూర్చుని చూసినవి రాసి పంపితే చాలు. కుక్క దగ్గర పొద్దున కూర్చునే సమయం సరిగ్గా అంతే.

హిందూపురం అవతల, చిలమత్తూరు మండలం వీరాపురం జనానికి ఈ లెక్కలు అక్కర్లేదు. వాళ్ల వాకిళ్లలోని చింతచెట్ల మీదే ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడతాయి. ఏటా ఏడాది మొదట్లో వస్తాయి. వాటి కోసం ఊరు టపాకాయలు కాల్చదు. పేపర్లలో 'సైబీరియా కొంగలు' అని వస్తుంటుంది గానీ, ఈ జాతి సైబీరియా మొహం చూసింది లేదు. చెరువుల్లో నీళ్లెక్కడుంటే అక్కడికి ఉపఖండంలోనే తిరిగే మన కొంగలవి. పిట్ట పేరుకు విదేశం తగిలిస్తే గౌరవం పెరుగుతుందనుకునే వాళ్లు రాసిన మాట అది.

మనుషుల చూపు ఎంత పని చేస్తుందో చెప్పడానికి కలివికోడిని మించిన సాక్ష్యం లేదు. 1900లో అనంతపురం ప్రాంతంలో హోవర్డ్ క్యాంప్‌బెల్ చూసిన తర్వాత 86 ఏళ్లు ఆ పిట్ట ఎవరికీ కనపడలేదు. అంతరించిందనుకున్నారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ కడప జిల్లాలో బొమ్మలు పట్టుకుని ఊరూరా అడుగుతూ తిరిగాడు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర రాత్రి టార్చి వెలుగులో దాన్ని పట్టి ఇంటికి తెచ్చినవాడు ఐతన్న అనే స్థానిక వేటగాడు.

కుక్కను వదిలే ముందు ఒక పని మిగిలి ఉంటుంది, టీకా. కోలుకుంటున్న కుక్కకు డాక్టరు సరేనన్న రోజున రేబిస్‌తో పాటు డిస్టెంపర్, పార్వో టీకాలు వెయ్యాలి. నన్నజ్ ప్రాంతంలో వనక్ సహచరులు పరీక్షించిన ఊరకుక్కల్లో పదింటికి తొమ్మిది ఈ రెండు వైరస్‌ల బారిన పడి లేచినవే. అవే వైరస్‌లు గుంటనక్కకూ సోకుతాయి. 2018 సెప్టెంబరు, అక్టోబరుల్లో గిర్ అడవిలో ఇరవైకి పైగా సింహాలు చచ్చినప్పుడు వాటిలో డిస్టెంపర్ వైరస్ బయటపడింది. కుక్క వేపచెట్టు కింద నయమైనట్టు కనిపించినా, వైరస్ మోస్తుంటే అది చేను గట్టు దాటి ఎక్కడికి పోతుందో ఎవరూ గీత గీయలేరు.

తర్వాత తాడు ఒక్కసారిగా విప్పకూడదు. మొదటి వారం అయిదు నిమిషాల నడక, తర్వాత పది, ఆ తర్వాత పెరడంతా. నోటుపుస్తకంలో ఉడుత గీత ఆ వారం మళ్లీ పైకెక్కుతుంది. రెండు మీటర్ల దగ్గర కూర్చునేది నాలుగు దగ్గరే ఆగుతుంది. తొండ గోడ మీద ఒక రాయి పైకి జరుగుతుంది. సిద పిట్టలు కుక్క కదిలిన ప్రతిసారీ చింతకొమ్మ ఎక్కి, అది నీళ్ల తొట్టి దగ్గరికి పోగానే దిగుతాయి. సాయంత్రం చేనికి పోయే వేళకు కుక్క గేటు దగ్గర నిలబడి మూతి ఎత్తి గాలి పీలుస్తుంది. శెనక్కాయ తవ్వి ఎండబెట్టిన కట్టె వాసన, దానికి వెనకగా ఇంకేదో. ఇంట్లోవాళ్లు గేటు గొళ్లెం ఇంకో పది రోజులు తియ్యరు.